అనుభవం గల లైసెన్సు

మా అమలలంక డివిజన్‌లో ఒక మర్యాద ఉంది. లైసెన్సు ఉన్నవాడు కట్టడు. కట్టేవాడికి లైసెన్సు ఉండదు. ఇది ఏ జీవోలోనూ రాసిపెట్టి లేదు. విస్తట్లో ఉప్పు ముందు వడ్డించాలని కూడా ఎక్కడా రాసిపెట్టి లేదు. అయినా వడ్డిస్తున్నాం కదా.

ఆ మర్యాద తెలియకుండా కాంట్రాక్టరు లైసెన్సు తెచ్చుకున్నవాడు కుడుపూడి ముత్యాలరావు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివాడు. బజార్లో వాళ్ళ నాన్న వదిలివెళ్ళిన పైపుల కొట్టు నడుపుకునేవాడు. కుళాయిలు అమ్ముతూనే వంతెనల గురించి ఆలోచించేవాడు. మాది లంకల ప్రాంతం. ఎటు వెళ్ళాలన్నా ఏదో ఒక కాలవ దాటాలి. చిన్నప్పట్నించీ తాటిదుంగల మీద నడిచినవాడికి వంతెన కట్టాలని కోరిక పుట్టడంలో వింతేమీ లేదు. ఆ కోరిక తీర్చుకోడానికి లైసెన్సు కోసం వెళ్ళడమే వింత.

లైసెన్సు వచ్చింది. ముత్యాలరావు భార్య లోవకుమారి దానికి ఫ్రేము కట్టించి కొట్లో వినాయకుడి పక్కన తగిలించింది. తీరా టెండరు వెయ్యబోతే ఆఫీసులో అనుభవం కావాలన్నారు. అనుభవం ఎలా వస్తుందని అడిగితే పని చేస్తే వస్తుందన్నారు. పని ఇప్పించమంటే అనుభవం తెమ్మన్నారు. ముత్యాలరావు ఆ చుట్టూ తిరిగీ తిరిగీ మళ్ళీ కొట్లో కూర్చున్నాడు.

అప్పుడొచ్చాడు చిక్కం సూరిబాబు, వాళ్ళింటికి కుళాయి కొనడానికి. సూరిబాబంటే మా డివిజన్‌లో రోడ్లూ, డ్రెయిన్లూ, బడి ప్రహరీలూ అన్నీ కట్టించే పెద్దమనిషి. ఆయన పేరు మీద మాత్రం ఎక్కడా ఒక్క ఇటుక కనపడదు. ఆయన కన్ను కుళాయి మీంచి ఫ్రేము మీదికి పోయింది.

"ఏం ముత్యాలూ, బంగారంలాంటి లైసెన్సుని మేక్కి ఉరేశావేంటి?"

"పని ఇవ్వట్లేదండి. అనుభవం లేదంటున్నారు."

"గోడకి వేలాడితే దేనికైనా ఎక్కడొస్తాదయ్యా అనుభవం? నాకియ్యి. నాలుగూళ్ళు తిప్పుతాను. లోకం చూసొస్తాది."

"మరి అనుభవం నాకెలా వస్తాదండి?"

"ఆళ్ళడిగింది నీ అనుభవమా, లైసెన్సు అనుభవమా? రూలు సరిగ్గా చదువుకో."

ముత్యాలరావు చదువుకున్నాడు. కాంట్రాక్టరుకు అనుభవం ఉండవలెను అని ఉంది. కాంట్రాక్టరంటే ఎవరని ఆఫీసులో అడిగితే, ఎవరి లైసెన్సు మీద పని జరిగితే వాళ్ళు అన్నారు. అంటే పని జరిగితే చాలు, మనిషి కదలక్కర్లేదు. సూరిబాబు చెప్పిందాంట్లో తప్పేం లేదు.

లోవకుమారికి మాత్రం నచ్చలేదు. "సైకిలు అరువిస్తేనే చైను తెంపుకొస్తారు. పేరు అరువిస్తే ఏం తెంపుకొస్తారో" అంది.

"పేరు అరిగిపోతాదా ఏంటే? ఒక్క పనికే కదా" అన్నాడు ముత్యాలరావు.

ఫ్రేము ఊడదీసి ఇచ్చాడు.

ఆ ఒక్క పనీ ఎప్పటికీ ఒక్కటిగా మిగల్లేదు. లైసెన్సు బుద్ధిమంతురాలు. వెళ్ళినచోటల్లా పని తెచ్చుకుంది. కింది తరగతి నించి పై తరగతికి ఎక్కింది. ముత్యాలరావు పైపులు అమ్ముతూనే ఉన్నాడు. ముత్యాలరావు రోడ్లు వేస్తూనే ఉన్నాడు. ఎప్పుడైనా కొట్టు ముందు రోడ్డు కుంగితే, గోతిలో పడి లేచినవాళ్ళు ఈయన దగ్గరికే వచ్చి మంచినీళ్ళు అడిగి తాగి, ఆ ముత్యాలరావుని నాలుగు మాటలని వెళ్ళేవాళ్ళు. ఈయన కూడా తల ఊపేవాడు.

ఆ ఏడు ఆగస్టు పదిహేనుకి కాలేజీ మైదానంలో ఉత్తమ కాంట్రాక్టరు సన్మానం పెట్టారు. లోవకుమారి పట్టుబడితే ముత్యాలరావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. వేదిక మీద మా డివిజన్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు దువ్వూరి పరబ్రహ్మం గారు ఉన్నారు. ఆయన మాట్లాడితే ఫైలు పైకి చదివినట్టుంటుంది.

"శ్రీ కుడుపూడి ముత్యాలరావు గారు నాణ్యతకు మారుపేరు. వారిని వేదిక మీదికి సగౌరవముగా ఆహ్వానించుచున్నాము."

ముత్యాలరావు లేచాడు. ముందు వరసలోంచి సూరిబాబు కూడా లేచాడు. వెనకాయన ముత్యాలరావు చొక్కా పట్టుకు లాగి, "కూచోండి బాబూ, ముత్యాలరావు గారు కనపట్టం లేదు" అన్నాడు. ముత్యాలరావు కూర్చున్నాడు. శాలువా కప్పేటప్పుడు అందరితోపాటు చప్పట్లు కొట్టాడు.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. కింద ముత్యాలరావు పేరు, పైన సూరిబాబు మొహం.

"మీసం మీకు బాగా నప్పింది. కాస్త ఒళ్ళు చేశారు గానీ" అంది లోవకుమారి. ముత్యాలరావు నవ్వబోయి మానేశాడు.

ఎండాకాలంలో లోవకుమారి గేదెల్లంకలో వాళ్ళక్క కూతురి ఓణీల ఫంక్షనుకి స్కూటీ మీద బయల్దేరింది. గేదెల్లంక ముందు పంటకాలవ మీద కొత్త వంతెన. అంతకు ముందురోజే దాని మీంచి గడ్డి బండి వెళ్ళింది, ఏమీ కాలేదు. లోవకుమారి గడ్డి బండి కంటే తేలికే. కానీ వంతెనకి ఓపిక అప్పటిదాకానే ఉంది. నడిమధ్య స్లాబు విరిగి, స్కూటీ, లోవకుమారి, అక్కకి తీసుకెళ్తున్న పూతరేకుల డబ్బా అన్నీ కాలవలో పడ్డాయి. కాలవ కట్టేసిన రోజులు. నీళ్ళుంటే మునిగిపోయేది. లేవు గనక కాలు విరిగింది.

ముత్యాలరావు ఆస్పత్రికి పరిగెత్తాడు. మంచం మీద లోవకుమారి మొహం పాలిపోయి ఉంది. చెయ్యి పట్టుకున్నాడు.

"పడేటప్పుడు మీరే గుర్తొచ్చారండి" అంది.

ముత్యాలరావుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ప్రేమ అనుకునేరు. ఎదురుగా రాయి మీద మీ పేరే ఉంది. నిర్మాణం, కుడుపూడి ముత్యాలరావు అని. నన్ను పైకి తీసినోళ్ళంతా ఆ ముత్యాలరావుని బండబూతులు తిట్టారు. ఆయన నా మొగుడని ఎలా చెప్పను? నేను కూడా నాలుగు తిట్టాను."

ఆమె నవ్వబోతే కాలు సలిపింది. నవ్వు మూలుగైంది. ముత్యాలరావు అట్నించి అటే గేదెల్లంక వెళ్ళాడు. విరిగిన స్లాబు అంచు చేత్తో నలిపితే పెసరపిండిలా రాలింది. అందులో ఇసక ఉంది. ఇంకాస్త ఇసక ఉంది. ఇనుము ఉండాల్సిన చోట కూడా ఇసకే ఉంది. తన పేరున్న రాయి మాత్రం చెక్కుచెదరలేదు. గట్టు మీద కూలబడి చాలాసేపు దాని మొహమే చూశాడు.

వారం తిరక్కుండా ఆఫీసు నించి నోటీసు వచ్చింది. వంతెనను ముత్యాలరావు సొంత ఖర్చుతో తిరిగి కట్టవలెను. సూరిబాబు పరిగెత్తుకొచ్చాడు, ధైర్యం చెప్పడానికి.

"కంగారుపడకు ముత్యాలూ. అది ఆనవాయితీ నోటీసు. వరదకి కొట్టుకుపోయిందని జవాబు రాసేద్దాం."

"కాలవలో చుక్క నీరు లేదు కదండీ."

"వరద పోయాకే కదయ్యా నీరుండదు."

"నేను కడతానండి" అన్నాడు ముత్యాలరావు.

"ఏం కడతావు?"

"వంతెన."

సూరిబాబు ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసి, జ్వరం లేకపోవడంతో భయపడి వెళ్ళిపోయాడు.

ముత్యాలరావు పరబ్రహ్మం గారి గదికి వెళ్ళి దణ్ణం పెట్టాడు. "సార్, గేదెల్లంక వంతెన నేను మళ్ళీ కడతానండి."

"తమరెవరు?"

"ముత్యాలరావునండి."

"ముత్యాలరావు గారు నాకు సుపరిచితులు. వారిని సన్మానించి యున్నాను."

"ఆయన సూరిబాబు గారండి. ముత్యాలరావుని నేనండి."

పరబ్రహ్మం గారు తలుపు వేసి ఉందో లేదో చూసుకున్నారు. "చూడండి. సదరు విషయము డిపార్టుమెంటుకు తెలియదు. తెలియకుండుటకు డిపార్టుమెంటు ఎంతయో శ్రమపడుచున్నది. తమరిట్లు గదిలోకి జొరబడి తెలియజేయుట భావ్యము కాదు."

"కట్టమని మీరే కదండీ నోటీసిచ్చారు?"

"ఇచ్చితిమి. కట్టమని వ్రాసితిమి. కట్టుదురని అనుకొనలేదు."

ముత్యాలరావు ఆ నోటీసునే అనుమతి అనుకున్నాడు. కొట్లో సరుకంతా ఉన్నపళంగా అమ్మేశాడు. మంచంలో ఉన్న లోవకుమారిని అడిగితే, "నా కాలు అతుక్కునేలోగా అదీ అతకాలి. ఈసారి నేను తిట్టుకోకూడదు" అంది.

గేదెల్లంకలో పని మొదలైంది. మేస్త్రి అప్పలస్వామి వచ్చి, "కాంట్రాక్టరు గారెక్కడండీ?" అన్నాడు.

"నేనే."

"మీరు కాదండి, కాంట్రాక్టరు గారు."

"నేనే కాంట్రాక్టర్ని."

"అయితే ఇక్కడెందుకున్నారండీ?" అని నిజంగానే అడిగాడు మేస్త్రి.

ఊళ్ళో అనుమానాలు లేచాయి. సిమెంటు బస్తాలు వచ్చాయి. వచ్చినవి మళ్ళీ ఎక్కడికీ వెళ్ళలేదు. ఇనుము దిగింది. దిగినదంతా లోపలికే పోయింది. స్లాబు వేశాక ఈ మనిషి బిందెలతో దానికి నీళ్ళు పట్టిస్తున్నాడు. ఎండకి గొడుగేసుకుని పొద్దస్తమానం అక్కడే నిలబడుతున్నాడు. గేదెల్లంక ప్రెసిడెంటు నలుగురిని పోగేసి, "ఇన్నేళ్ళలో పని దగ్గర నిలబడ్డ కాంట్రాక్టర్ని చూశామా? ఈడెవడో కాజేద్దామనే నిలబడ్డాడు" అన్నాడు.

"ఏం కాజేస్తాడండీ? అన్నీ లోపలే పెట్టి పూడుస్తున్నాడు కదా" అన్నాడొకాయన.

"అదే నాకూ అంతు పట్టట్లేదు" అన్నాడు ప్రెసిడెంటు. అంతు పట్టనప్పుడు పిటిషను పెట్టడం మా వాళ్ళకి అలవాటు. ముత్యాలరావు గారి పేరు చెప్పుకుని ఎవరో అపరిచితుడు మా కాలవ మీద వంతెన కట్టేస్తున్నాడు, రక్షించవలెను అని పెట్టారు.

పరబ్రహ్మం గారు అసిస్టెంటు ఇంజనీరు కేశవస్వామిని వెంటపెట్టుకుని జీపులో వచ్చారు. కేశవస్వామి సుత్తి తీసి స్లాబు మీద ఒక్క దెబ్బ వేశాడు. సుత్తి పిడి విరిగింది.

"సార్, విరిగిందండి."

"వంతెనా?"

"సుత్తండి."

"సుత్తి నాణ్యత లోపించినట్లు నోటు చేయుము." పరబ్రహ్మం గారు దూరం నించే వంతెనని ఎగాదిగా చూశారు. "ఇతర వంతెనలతో పోల్చి చూడగా ఇది అనుమానాస్పదముగా దృఢముగా నున్నది. రేపు ప్రజలు మిగిలినవి కూడా ఇట్లే యుండవలెనని కోరినచో జవాబుదారు ఎవరు?"

కేశవస్వామి ఆ ప్రశ్న కూడా నోటు చేసుకున్నాడు. అంచేత విచారణ పెట్టారు.

విచారణలో ముత్యాలరావు తను ముత్యాలరావునని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. ఆధార్ కార్డు చూపించాడు.

"ఇది మనిషిని గుర్తించును. కాంట్రాక్టరును గుర్తించదు" అన్నారు పరబ్రహ్మం గారు. ఆయన బల్ల మీద సన్మానం ఫొటో ఉన్న పేపరు కత్తిరించి పెట్టి ఉంది. ఫొటో వైపు చూశారు, మనిషి వైపు చూశారు. "మీసము లేదు" అన్నారు.

తర్వాత సంతకం పెట్టమన్నారు. పెట్టాడు. కేశవస్వామి ఆఫీసులో ఉన్న ముత్యాలరావు సంతకాలన్నీ పట్టుకొచ్చి పక్కన పెట్టి చూశాడు. అన్నీ ఒకదానితో ఒకటి చక్కగా కలిశాయి. ఇదొక్కటే కలవలేదు.

"సార్, ఈయన తన సంతకం తనే తప్పు పెడుతున్నాడండి."

సాక్షిగా వచ్చిన సూరిబాబు మెత్తటి మనిషి. "పోన్లెండి సార్. మనవాడే. నా పేరు వాడుకున్నాడు, నేనేం అనుకోను" అన్నాడు. అని, ముత్యాలరావు మొహం చూసి కాస్త తగ్గాడు. "నా పేరంటే ఆయన పేరే అనుకోండి. చాన్నాళ్ళుగా నా దగ్గరుంది కదా, అలవాటైపోయింది."

"సూరిబాబు గారూ, ఆ వంతెనలో నా భార్య పడిందండి" అన్నాడు ముత్యాలరావు. "మీరు కట్టిందాంట్లో. నా పేరుతో."

సూరిబాబు తల దించుకున్నాడు. పరబ్రహ్మం గారు గొంతు సవరించుకున్నారు. "సదరు పతనము ఈ విచారణ పరిధిలోనికి రాదు" అని, తీర్పు చెప్పారు.

"లైసెన్సు ఎన్నో పనులు చేసి యున్నది. దాని అనుభవము అపారము. దాని మీద మచ్చ లేదు. తప్పు మనిషిది. కావున లైసెన్సు యథాతథముగా కొనసాగును. కుడుపూడి ముత్యాలరావు మాత్రము సదరు లైసెన్సుకు ఇకమీదట దూరముగా నుండవలెను."

ముత్యాలరావు ఇంటికొచ్చాడు. కట్టుకట్టిన కాలు దిండు మీద పెట్టుకుని లోవకుమారి ఎదురుచూస్తోంది.

"ఏమన్నారు?"

"నేను ముత్యాలరావుని కాదన్నారు."

"హమ్మయ్య. అయితే ఆ రోజు నేను తిట్టింది మిమ్మల్ని కాదన్నమాట" అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వి నవ్వి ముత్యాలరావు ఆమె మంచం పట్టె మీద తల ఆన్చి ఏడ్చాడు. ఆమె ఆయన జుట్టులోంచి సిమెంటు రేణువులు ఏరుతూ కూర్చుంది.

కొట్టు ఖాళీ. లైసెన్సు లేదు. పేరు కూడా చట్టప్రకారం అంతంతమాత్రం. అయితే వంతెన నిలబడింది. దాని మీంచి కొబ్బరికాయల లారీలు వెళ్ళాయి. వర్షాకాలంలో కాలవ పొంగి గట్లు తెగాయి, అప్పుడూ నిలబడింది. నిలబడ్డ వంతెనని చూడ్డానికి చుట్టుపక్కల లంకల నించి జనం వచ్చారు. మా ప్రాంతంలో అదొక వింత కదా.

ఓరోజు ఊబలంక వాళ్ళు పదిమంది మా బజార్లో దిగి, "దొంగ ముత్యాలరావు గారిల్లు ఎక్కడండీ?" అని వాకబు చేశారు. ఎవరో చూపించారు.

"మా కాలవ మీద వంతెన శాంక్షనైందండి. మీరు కట్టాలి" అన్నారు.

"నేను అసలు ముత్యాలరావుని కాదంట బాబూ. అసలాయన్నే అడగండి."

"వద్దండి బాబూ! అసలాయన కట్టిన రోడ్డు మాకొకటుందండి. అది చాలు. మాకు దొంగాయనే కావాలండి."

కట్టాలంటే లైసెన్సు కావాలి. ముత్యాలరావు సిగ్గు చంపుకుని సూరిబాబు గుమ్మం తొక్కాడు. విచారణ రోజు నించి సూరిబాబు ఆయన కంటపడకుండా తిరుగుతున్నాడు. చూడగానే కుర్చీ వేశాడు, కాఫీ ఇప్పించాడు, ఎలా మాట్లాడాలో తెలీక కుళాయిల రేట్లు అడిగాడు. విషయం విని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"నీ లైసెన్సు నీకిస్తే నేరం ముత్యాలూ. ఆర్డరుంది. మా అత్తగారిది ఒకటుంది. బుల్లెమ్మ గారని. ఫస్టు క్లాసు. అది పట్టుకుపో."

"ఆవిడ ఒప్పుకుంటారాండీ?"

"ఆవిడకి లైసెన్సున్న సంగతి తెలిస్తే కదా ఒప్పుకోకపోడానికి. ఒక్కటే షరతు. మరీ అంత గట్టిగా కట్టకు. అత్తగారికి చెడ్డపేరొస్తాది."

టెండరు వేశారు. బుల్లెమ్మ గారి లైసెన్సుకి అనుభవం దండిగా ఉండడంతో పని ఇట్టే వచ్చింది. ముత్యాలరావు షరతు ఉల్లంఘించి కట్టాడు. ఈసారి లుంగీ ఎగ్గట్టి కూలీల్లో కలిసిపోయి నిలబడ్డాడు. అడిగినవాళ్ళకి కూలీనని చెప్పాడు. కూలీ పని దగ్గర ఉండడాన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

ఆఖరి సర్టిఫికెట్టు ఇవ్వడానికి పరబ్రహ్మం గారు ఊబలంక వచ్చారు. కాలవకి ఇవతల షామియానా, కుర్చీలు, కొబ్బరి బొండాలు. అంతవరకూ సవ్యంగానే ఉంది. ఇంతలో ఊరివాళ్ళు ఉత్సాహం కొద్దీ అసలు కాంట్రాక్టరుకి సన్మానం చేద్దామని ఆటోలో బుల్లెమ్మ గారిని తీసుకొచ్చేశారు. సూరిబాబు అడ్డుపడబోయాడు గానీ అత్తగారికి అడ్డుపడే అలవాటు ఆయనకి లేదు.

ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని దింపారు. ముగ్గుబుట్టలాంటి తల, నడుం వంగిపోయింది. మెళ్ళో దండ వేస్తుంటే, "దేనికిరా ఇదంతా?" అంది. ఈ వంతెన మీరే కట్టారు మామ్మగారూ అన్నారు. ఆవిడ కళ్ళు చికిలించి వంతెన చూసింది. పక్కన కుర్చీలో ఉన్న పెద్దమనిషిని చూసింది.

"ఏం నాయనా, ఇది నేనే కట్టానంటన్నారు. నిజమేనా?"

పరబ్రహ్మం గారు ఇరుకున పడ్డారు. కాదంటే తను పెట్టిన సంతకాలన్నీ తప్పు. ఊరంతా ఆయన మొహమే చూస్తోంది. "నిజమేనమ్మా" అన్నారు.

"నువ్వు చూశావా?"

"చూచితినమ్మా. నా సమక్షముననే జరిగినది. తమరు స్వయముగా ఇనుము వంచుచుండగా చూచితిని."

బుల్లెమ్మ గారు మెళ్ళో దండ తడుముకుంది. "మంచం దిగి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. నువ్వు చూశానంటన్నావు. పెద్ద ఉజ్జోగస్తుడివి, కట్టే ఉంటాన్లే" అంది. అని లేచి నిలబడింది. "అవతల మా చెల్లెలుంది. దుంగ దాటలేక దాని మొహం చూసి చాన్నాళ్ళయింది. ఏదీ, చెయ్యిచ్చి దాటించు."

ఆవిడ చెయ్యి పట్టుకుంది. పరబ్రహ్మం గారు వంతెన మొదలు దాకా వచ్చారు. అక్కడ ఆయన కాళ్ళు ఆగిపోయాయి. మా డివిజన్‌లో ఆయన మంచిదని రాసివ్వని వంతెన లేదు. కాలు పెట్టిన వంతెనా లేదు. జీపులో హైవే చుట్టూ తిరిగి రావడం ఆయన ఆచారం. కేశవస్వామి వైపు చూశారు. అతను ఆకాశం వైపు చూశాడు. సూరిబాబు వైపు చూశారు. ఆయన కొబ్బరి బొండంలో స్ట్రా సర్దుకుంటున్నాడు.

అప్పుడు పరబ్రహ్మం గారి చూపు కూలీల్లోకి వెళ్ళింది. తలపాగా చుట్టుకుని, మోకాళ్ళ దాకా సిమెంటుతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ముసలమ్మ చెయ్యి వదలకుండానే నాలుగడుగులు అటు వేసి, ఆ మనిషి చెవి దగ్గరికి వంగారు. ఆ గొంతులో ఈసారి ఫైలు లేదు.

"ఏవయ్యా, నిలబడుద్దా?"

"నిలబడుద్దండి" అన్నాడు ముత్యాలరావు.

ఒక కాంట్రాక్టర్ని ఆ మాట అడగడం ఆయన సర్వీసులో అదే మొదలు. ఆయన చెప్పులు విడిచి, బుల్లెమ్మ గారి చెయ్యి గట్టిగా పట్టుకుని, కుడికాలు ముందు పెట్టారు.